మూడో డ్రమ్ము

మామ్మ బియ్యం వద్దన్న సంగతి నాకు మొదట చెప్పింది మాకు పాలు పోసే ఆమె. శనివారం పొద్దున గిన్నెలోకి పాలు కొలుస్తూ, గేదె ఈనిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "మీ గుడి సంచి మామ్మ గడప బయటే ఉందక్కా. కోళ్లు పొడుస్తన్నయ్. నువ్వు చూడలా?"

నేను చూడలేదు. ముందురోజు కళ్ల డాక్టరు కోసం మాచర్ల పోయాను. ప్రతి శుక్రవారం సాయంత్రం నేనూ మా తోడికోడలూ కలిసి పంచే బియ్యం సంచులను ఆ వారం తనొక్కతే పంచింది. నేను బస్సు దిగేసరికి తను ఇంట్లో బట్టలు మడతపెడుతూ ఉంది. అందరికీ అందాయా అంటే అందాయంది. నేను డాక్టరు గురించి చెప్పాను, తను విన్నది. అంతకుమించి మాకు ఆ రోజు మాటలు లేవు.

మామ్మ నాకు చుట్టం కాదు, మా వీధి మొత్తానికీ మామ్మ. భర్త నాపరాళ్ల గనిలో పనిచేసి, అక్కడి దుమ్ముతోనే పోయాడు. ఉన్న ఒక్క కూతురూ పోయింది. మనవరాలు గుంటూరులో హాస్టల్లో ఉండి నర్సు చదువు చదువుతోంది. మామ్మకు పింఛను వస్తుంది. అది గది అద్దెకూ, బీపీ మాత్రలకూ, మనవరాలికీ పోతుంది. రేషన్ కార్డు ఇంకా అల్లుడి ఊళ్లోనే ఉంది. దాన్ని మా ఊరికి మార్పించే పని మా గుడి స్త్రీల సంఘమే తీసుకుంది. తీసుకుని చాలా కాలమైంది. కాబట్టి మామ్మ పొయ్యి మీదికి ఎక్కే బియ్యం గుడి బియ్యమే. అది వద్దంటే ఏం తింటుందన్నది వెంటనే వచ్చే ప్రశ్న.

మా గుడి బియ్యం గురించి తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఒక ఫాదర్ గారి కింద ఉండే ఊళ్లన్నిటినీ కలిపి మేము విచారణ అంటాం. మా విచారణలో అన్నం వండే ప్రతి ఇంట్లోనూ, ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు వెనక్కి తీసి, పొయ్యి పక్కన చిన్న డబ్బాలో వేస్తారు. ఆదివారం పూజకు వచ్చేటప్పుడు ఆ డబ్బా తెచ్చి గుడి ద్వారం దగ్గరున్న డ్రమ్ములో పోస్తారు. విడిగా కొని తేకూడదు. మనం తినబోయేదాంట్లోంచే తీయాలి. అంటే ఆ పూట ఇంట్లో ఎవరో ఒకరికి ఒక ముద్ద తగ్గుతుంది. మా ఇంట్లో ఆ ముద్ద ఎవరిదో ఎప్పుడూ చర్చకు రాలేదు.

నేను బడికి పోలేదు. మా అమ్మ ప్రార్థన పుస్తకం మీద వేలు పెట్టి ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. అందుకే 'అ ఆ'ల కంటే ముందు నాకు 'ప' వచ్చింది, పరలోకంలోని ప. అదే పొయ్యి దగ్గర, అదే పూట, గుప్పెడు తీయడం కూడా నేర్పింది. రెండూ ఇప్పటికీ నాతో ఉన్నాయి. అందుకు దేవునికి వందనాలు.

ఇక డ్రమ్ముల సంగతి. ఇన్నేళ్లూ గుడి దగ్గర ఒక్కటే డ్రమ్ము ఉండేది. అందులో సన్నబియ్యం, రేషన్ బియ్యం, పాతవి, కొత్తవి, పండగ రోజుల్లో కాస్త బాస్మతి, ఎవరు పోసింది వాళ్లకే తెలిసేట్టు కలిసిపోయేవి. ఆ మధ్య బియ్యం తీసుకునే ఇంటావిడ ఒకామె మా స్త్రీల సంఘానికి ఫిర్యాదు చేసింది. వండితే సగం జావ అవుతోంది, సగం పలుకు అవుతోంది అని. పైగా కొన్ని గింజలు నీళ్లలో తేలుతున్నాయి, అది ప్లాస్టిక్ బియ్యమని. మఠంలోని సిస్టర్ గారు ఆ గింజల్ని రక్తం పట్టడానికి ప్రభుత్వమే కలుపుతుందని ఓపికగా వివరించారు. అందరం తలలూపి, ప్లాస్టిక్ బియ్యమనే పిలుస్తూ వచ్చాం.

బుధవారం నొవేన ప్రార్థనలు అయ్యాక సంఘం కూర్చుంది. మా అధ్యక్షురాలు రిటైరైన టీచరమ్మ. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు ఇవాళ బ్యాంకుల్లో ఉన్నారు. ఏ సమస్యనైనా వేరు చేసి పెడితే సగం తీరుతుందని ఆమె నమ్మకం. సన్నబియ్యానికో డ్రమ్ము, రేషన్ బియ్యానికో డ్రమ్ము పెడదామన్నారు. తీసుకునే వాళ్లకు ఏదో ఒకటే ఇస్తే చక్కగా ఉడుకుతుంది గదా అన్నారు. తీర్మానం ఏకగ్రీవం. మా సంఘంలో ఏకగ్రీవం కాని తీర్మానం నేనింతవరకు చూడలేదు. ఇష్టం లేనివాళ్లు బయటికొచ్చి చెప్పులు వేసుకునేటప్పుడు మాట్లాడతారు. సిస్టర్లు నీలం రంగు డ్రమ్ము ఒకటి ఇచ్చారు. గుడి ముందున్న మరియ తల్లి గుహకు వేయగా మిగిలిన రంగుతో, ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపే ఉపదేశి గారు రెండింటి మీదా పేర్లు రాశారు. రంగు మంచిది. ఇంకా పోలేదు.

ఆ ఆదివారం నుంచి బియ్యం పోయడం కాస్త కొత్తగా మారింది. ఇంతకుముందు డబ్బా వంచేటప్పుడు జనం శిలువ వైపు చూసేవాళ్లు, ఇప్పుడు పక్కవాళ్ల డబ్బా వైపు చూడటం మొదలుపెట్టారు. సన్నబియ్యం డ్రమ్ము నిండి పక్కకు పొర్లింది. రేషన్ డ్రమ్ములో అడుగు కనపడుతూనే ఉంది. జనంలో భక్తి పెరిగిందని టీచరమ్మ ఫాదర్ గారితో చెప్పారు. పెరిగింది కొట్టులో అమ్మకం. రేషన్ బియ్యం తినే ఇళ్లవాళ్లు కొందరు శనివారం సాయంత్రం పొట్లం కట్టించుకుని మరీ సన్నబియ్యం తెచ్చారు. అలా కొనలేని వాళ్లు డబ్బా ఇంట్లో మర్చిపోయామన్నారు. ఆ తర్వాతి వారం కూడా మర్చిపోయామనే అన్నారు. బాగా ఉన్న ఇంటావిడ ఒకామె ఇన్నేళ్లూ ఇంట్లో సన్నబియ్యం వండుకుని, గుడికి మాత్రం కారుచౌకగా దొరికే రేషన్ బియ్యం తెచ్చేదని కూడా అప్పుడే బయటపడింది. ఆమె డబ్బా కొంగు కింద పెట్టుకుని రెండు డ్రమ్ములకూ నడుమ నిలబడి, చాలాసేపు ప్రార్థన చేసుకుంది.

డ్రమ్ములు రెండైన ఆ మొదటి ఆదివారమే మామ్మ కూడా తన డబ్బాతో వచ్చింది. గుడి బియ్యం తినే మనిషి గుడికి బియ్యం తేవడం ఏమిటని అడగవచ్చు. మామ్మ ఎప్పుడూ తెచ్చేది. మేమిచ్చిన సంచిలోంచే వండేముందు గుప్పెడు తీసి, మళ్లీ మా డ్రమ్ములోనే పోసేది. నేను లోపల పాటల దగ్గర ఉన్నాను. డ్రమ్ముల దగ్గర మా తోడికోడలు నిలబడి ఉంది. జరిగింది తను తర్వాత చెబితే విన్నదే. మామ్మ డబ్బాలో ఉన్నది అంతకుముందు వారం పంచిన కలగలుపు బియ్యం. అది సన్నబియ్యమూ కాదు, రేషనూ కాదు. మా తోడికోడలు డబ్బాలోకి తొంగి చూసి, ఇది దేంట్లోనూ పట్టదు మామ్మా, అయినా తీసుకునే మనిషివి, నీకెందుకు ఈ శ్రమ, ఇంటికి తీసుకుపోయి వండుకో అంది. తను ప్రేమగానే చెప్పింది. మామ్మ డబ్బా మూత పెట్టుకుని పూజ కూడా వినకుండా వెళ్లిపోయింది. ఎండకు వెళ్లిపోయిందనుకున్నారు. మా వైపు ఎండను ఏ కారణానికైనా చెప్పుకోవచ్చు.

మా తోడికోడలు పెట్టి వచ్చిన సంచి ఆ శుక్రవారమే గడప బయట మిగిలింది.

పాలామె వెళ్లాక నేను మా తోడికోడల్ని పిలిచాను. ఇద్దరం మామ్మ గదికి పోయాం. మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు వెనక రేకుల గది అది. షెడ్డు వాళ్లు ముస్లింలు. ఆ మెకానిక్ భార్యా, మామ్మా చాలా కాలంగా ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్నారు. మేం పోయేసరికి మామ్మ గడపలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. సంచిని ఎవరో పైన ఇటుకల మీదికి ఎత్తి పెట్టారు.

"ఏంది మామ్మా, బియ్యం వద్దన్నావంట?" అన్నాను.

"వద్దన్నా."

"ఎందుకని?"

"మీరు నా గుప్పెడు తీసుకోలా. మీ సంచి నేనెట్టా తీసుకునేది?"

మా తోడికోడలు కింద కూర్చుంది. "మామ్మా, అది మేమిచ్చిన బియ్యమే గదా. దాన్నే మళ్లీ మాకు తెస్తే ఏం లాభం?"

మామ్మ చేతిలోని తొడిమ తీయడం పూర్తి చేసి, కాయను గంపలో వేసింది. "ఇచ్చినాక నాయి గాదా అమ్మాయ్? ఇచ్చినాక గూడా మీయేనా?"

నేను చిన్నప్పటి నుంచీ ఉపవాస కూడికల్లో, తపస్సు కాలపు ప్రసంగాల్లో దానం గురించి చాలా విన్నాను. ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. మా తోడికోడలు ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తీయడం మొదలుపెట్టింది.

మెకానిక్ భార్య గోడ పక్క నుంచి వచ్చి, మాతో మాట్లాడినట్టు మామ్మకు వినపడేలా మాట్లాడింది. మామ్మ వారం నుంచి వాళ్లింట్లోనే తింటోందట. ఊరికే పెడితే ముట్టదట. పని చేశాకే తింటుందట. చింతపండు పిక్కలు తీసింది, మినుములు బాగుచేసింది, పాత చీరలన్నిటికీ అంచులు కుట్టింది, ఇప్పుడు మిరపకాయలు. "ఇయ్యి గూడా సాయంత్రానికి అయిపోతయ్ అక్కా. నా ఇంట్లో ఇంక పని లేదు. రేపు ఆమెకి అన్నం ఎట్టా పెట్టాలి నేను? ఉన్నయన్నీ మళ్లీ కలబోసి ఇయ్యాల్నా?"

మామ్మ నవ్వలేదు. ఆమె చేతి ఎముకలు గాజుల పైన బాగా కనిపిస్తున్నాయి. కోడిపిల్లకు పెట్టినంత తింటోందని మెకానిక్ భార్య గొంతు తగ్గించి చెప్పింది. ఆ తగ్గించినది కూడా మామ్మకు వినపడింది.

నేను ఫాదర్ గారి దగ్గరికి పోయాను. ఆయన వయసులో చిన్నవారు, మా ఊరికి కొత్త. అంతా విని, సంచి స్కూటర్ ముందు పెట్టుకుని తనే బయల్దేరారు. ఫాదర్ గారే స్వయంగా ఇస్తే కాదనదని నేనూ అనుకున్నాను. మధ్యాహ్నం దాటాక అదే సంచితో తిరిగి వచ్చారు. ఏమైంది ఫాదర్ గారూ అంటే, భోజనం అయింది అన్నారు. మామ్మ సంచి పక్కకు నెట్టి, గుడి గుమ్మం నుంచి వెనక్కి తెచ్చుకున్న ఆ గుప్పెళ్ల బియ్యాన్ని జావ కాచి, పచ్చిమిరపకాయ నంచుకోను ఇచ్చి, ఆయన చేత తినిపించి పంపింది. దేవుని బియ్యం గనక దేవుని మనిషి తింటే సరిపోయిందందట. ఎలా ఉందని అడిగాను. ఉడికింది అన్నారు.

బుధవారం సంఘం మళ్లీ కూర్చుంది. ఫాదర్ గారు కూడా వచ్చి, కలిసిన బియ్యం తిన్నాననీ, ఉడికిందనీ మళ్లీ చెప్పారు. మామ్మ దాన్ని ఎలా వండిందని టీచరమ్మ అడిగారు. నీళ్లు ఎక్కువ పోసిందని ఫాదర్ గారు చెప్పారు. కొత్త డ్రమ్ము తీసేసి పాతదొక్కటే ఉంచుదామని నేనన్నాను. కానీ తీర్మానం ఏకగ్రీవంగా చేసి ఉన్నాం. ఏకగ్రీవంగా చేసినదాన్ని తీసేయడం ఎలాగో మాలో ఎవరికీ తెలియదు. టీచరమ్మ ఆలోచించి, తీసేయనక్కర్లేదు, ఇంకోటి పెడదామన్నారు. సన్నబియ్యానికి ఒకటి, రేషన్‌కు ఒకటి, కలిసినవాటికి ఒకటి. మామ్మ మూడోదాంట్లో పోసుకుంటుంది, ఎవరికీ బాధ ఉండదు. అది కూడా ఏకగ్రీవమే. మూడోది నిజానికి డ్రమ్ము కాదు, గుహకు వేసిన రంగు తాలూకు ఖాళీ బకెట్టు. తీర్మానంలో డ్రమ్మని ఉంది కాబట్టి డ్రమ్మనే అన్నాం.

ఆ మాట చెప్పడానికి శనివారం నేను మామ్మ దగ్గరికి పోయాను. మిరపకాయలు అయిపోయాయి. మెకానిక్ ఇంట్లో ఈసారి మేకుల డబ్బా దొరికింది. పెద్దవి, చిన్నవి వేరు చేస్తోంది. కూలి కింద సోలెడు బియ్యం తీసుకుంది. వాళ్లింట్లో రేషన్ బియ్యం, కొట్టు బియ్యం కలిపే వండుతారు, నెలాఖరు దాకా రావాలి గదా. ఆ సోలెడులోంచి మామ్మ అప్పటికే గుప్పెడు తీసి డబ్బాలో వేసి ఉంది.

మూడో డ్రమ్ము సంగతి మామ్మ ఓపిగ్గా విన్నది.

"నా ఒక్కదానికేనా?"

"అందరిదీ మామ్మా."

"ఇంకెవరు పోస్తారు అందులో?"

నేను డబ్బాలోంచి ఒక మేకు తీసి పెద్దవాటిలో వేశాను.

"అయితే ఒకమాట విను అమ్మాయ్. రేపొచ్చి పోస్తా. నాతో పాటు ఇంకొకళ్లెవరన్నా పోస్తే సంచి తీసుకుంటా. ఎవరూ పొయ్యకపోతే, నా బియ్యం నాకే మోసుకొస్తారు మీరు. ఆ మోత మీకెందుకు?"

ఆదివారం నా డబ్బా నేను అలవాటు కొద్దీ మామ్మ రాకముందే సన్నబియ్యం డ్రమ్ములో పోసేశాను. మామ్మ వచ్చి, బకెట్టులో తన గుప్పెడు పోసింది. పోసినట్టు శబ్దం కూడా పెద్దగా రాలేదు. తర్వాత లోపలికి రాకుండా ద్వారం పక్క అరుగు మీద, బకెట్టు కనపడేలా కూర్చుంది. నేను లోపల స్త్రీల వైపు చివరి వరుసలో, మామ్మ కనపడేలా కూర్చున్నాను. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. కొందరు సన్నబియ్యం పోశారు. కొందరు మర్చిపోయామన్నట్టు చేతులు ఊపుకుంటూ వచ్చారు. బకెట్టు దగ్గర ఎవరూ ఆగలేదు. ఆనాటి ప్రసంగం దేని గురించో నాకు తెలియదు, ఫాదర్ గారు క్షమించాలి. కానుకల పాట అయింది. సత్ప్రసాదం తీసుకోవడానికి మామ్మ లోపలికి వచ్చి, తీసుకుని, మళ్లీ పోయి అరుగు మీదే కూర్చుంది.

పూజ అయ్యాక జనం బయటికొచ్చి, ఎండలో చెప్పులు వెతుక్కుంటున్నారు. మామ్మ లేచి చీర దులుపుకుంది. అప్పుడు మా తోడికోడలు బయటికొచ్చింది. బలిపీఠం గుడ్డలు మార్చే వంతు తనది కావడంతో పొద్దున పక్క తలుపు నుంచి లోపలికి పోయింది, అందుకే డబ్బా ఇంకా పోయలేదు. అందులో సన్నబియ్యం. తిన్నగా రేషన్ డ్రమ్ము దగ్గరికి పోయి, వంగి, అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి తన డబ్బాలో వేసి, చెయ్యి పెట్టి కలిపింది.

టీచరమ్మ చూశారు. "అదేందమ్మా, ఆ డ్రమ్ములోది తీస్తున్నావ్?"

"మా ఇంట్లో కలిపే వండుతాం టీచరమ్మా," అంది మా తోడికోడలు.

అది అబద్ధం. మా రెండిళ్లకూ నడుమ ఒక్కటే గోడ. వాళ్లింట్లో పాత సన్నబియ్యం తప్ప ఎసట్లో పడవు. గుడి మెట్ల మీద, సత్ప్రసాదం తీసుకున్న నోటితో చెప్పింది. నేను ఆ అబద్ధానికి అక్కడే దేవునికి వందనాలు చెప్పుకున్నాను. నాది తప్పైతే ఆయనే దిద్దుతాడు.

తను డబ్బా మొత్తం బకెట్టులో వంచింది. మామ్మ దగ్గరికొచ్చి లోపలికి చూసింది. తన గుప్పెడు ఎక్కడుందో ఇక తెలియదు.

"సంచి ఎప్పుడు తెస్తారు?" అంది మామ్మ.

"సాయంత్రం తెస్తా," అంది మా తోడికోడలు.

"ఎండ తగ్గినాక రా. మాడిపోతావ్."

ఇద్దరి మధ్యా క్షమాపణ అనే మాట రాలేదు. మా వైపు ఆ మాటను ఇంత మాత్రంగానే వాడతారు.

తర్వాత వారాల్లో జరిగింది సంఘం అనుకున్నది కాదు. మర్చిపోయామంటూ వచ్చిన ఇళ్లవాళ్లకు ఒక్కొక్కరికే డబ్బాలు గుర్తొచ్చాయి. రేషన్ బియ్యంలో ఒక చిటికెడు కొట్టు బియ్యం కలిపితే అది కలిసిన బియ్యమే, బకెట్టులో ధైర్యంగా పోయవచ్చు. ఎవరిదెంత, ఏది, చూసేవాళ్లకు తెలియదు. కొంగు కింద డబ్బా దాచిన బాగా ఉన్న ఇంటావిడ అందరికంటే ముందు వచ్చి పోసి, తలెత్తుకుని లోపలికి వచ్చింది. బకెట్టు చాలక సన్నబియ్యం డ్రమ్మును ఖాళీ చేసి, దాని స్థానంలో పెట్టాల్సి వచ్చింది. రేషన్ డ్రమ్మును సిస్టర్లు నీళ్లకు తీసుకుపోయారు. ఇప్పుడు ద్వారం దగ్గర ఒక్కటే ఉంది, పైన సన్నబియ్యం అని రాసి ఉంది, లోపల అన్నీ ఉన్నాయి. తీర్మానాలు రెండూ ఇప్పటికీ అమలులోనే ఉన్నాయని టీచరమ్మ చెబుతారు. ఫిర్యాదు చేసిన ఇంటావిడకు నీళ్లు ఎక్కువ పోయమని చెప్పాం.

ఈ ఎండాకాలం మామ్మ మంచం పట్టింది. నడవలేదు. ఆమె డబ్బా ఆదివారం మెకానిక్ భార్య తెచ్చి, గుడి గేటు దగ్గర మా తోడికోడలికి అందిస్తుంది. డబ్బా ఏ వారమూ ఖాళీగా రాలేదు. ఇదంతా రాస్తానంటే మామ్మ రాసుకోమంది గానీ, పేరు మాత్రం వద్దంది. పేరు చూస్తే జనం బియ్యం తెస్తారట, పడుకున్న మనిషి అందరికీ తిరిగి ఎక్కడి నుంచి పెడుతుందని.

అందుకని చదివినవాళ్లకు నా మనవి ఒక్కటే. బియ్యం తేవద్దు. ఈ రోజు మీ ప్రార్థనలో, లేదంటే పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు, మామ్మను ఒక్కసారి తలుచుకోండి. పేరు లేకపోయినా దేవునికి తెలుస్తుంది. మీరు తలుచుకున్నారని నేను ఆమెకు చెబుతాను. ఊరికే తీసుకునే మనిషి కాదు కాబట్టి, ఆమె కూడా మంచం మీది నుంచే మీ కోసం ఒక జపమాల చెప్పుకుంటుంది.